మధుర సీమలో తెలుగు చిత్రకారులు: పలక పటము, కలంకారీ గుడ్డ

మధుర నుండి దిండిగల్లు పోవు రహదారిలో వాడిపట్టి యున్నది. ఉత్తరమున సిరుమలై కొండలు, దక్షిణమున వైగై నది. ఈ చుట్టుపట్ల తెలుగు మాటలాడు కుటుంబములు అనేక తరములుగా కాపురమున్నవి. వీరు ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళము మాటలాడుదురు. వీరిలో తెలుగు లిపి చదువగలవారు కొద్దిమందియే. అయినను లిపి పోయినచోట కూడ చేతిపని నిలిచినది. తెల్లవారగనే వాకిట ముగ్గు పెట్టు తల్లి మొదలుకొని పూజగదిలోని బంగారు రేకు పటము వరకు, తెలుగువారు ఈ సీమకు తెచ్చుకొనిన సొత్తులో చిత్రలేఖనము ఒకటి.

మార్వాడ, గుజరాతు దేశములనుండి వచ్చి దక్షిణదేశమున వర్తకము చేయు జైన కుటుంబములకు ఈ విషయము రెండు కారణములచే తెలియదగినది. మొదటిది, మనవలె వీరును జన్మభూమి విడిచి వచ్చి, వృత్తిని విడువక నిలిచినవారు. రెండవది, ఈ చిత్రములు నేడు అంగళ్లలో సరకుగా తిరుగుచున్నవి. సరకు మంచిచెడ్డలు ఎరుగనివాడు దానిని కొనుటకుగాని అమ్ముటకుగాని తగడు.

పూర్వ చరిత్ర

విశ్వనాథ నాయకుడు విజయనగర ప్రభువుల పక్షమున 1529 ప్రాంతమున మధుర పాలనమునకు వచ్చెను. ఆయన కాలమున సీమను పాళెములుగా విభజించి పాళెగాండ్రకు అప్పగించిరని చరిత్ర చెప్పుచున్నది. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలిన తరువాత రాయలసీమ ప్రాంతములనుండి మరికొందరు దక్షిణమునకు దిగి వచ్చిరి. సైనికులు, రైతులు, వర్తకులు వచ్చిన దారినే చిత్రకారులును వచ్చిరి. తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతములలో ఈ పని చేయువారిని రాజులనియు, మధురలో చేయువారిని నాయుడులనియు పిలుచుట వాడుక.

వీరు రాకమునుపు ఈ దేశమున చిత్రకళ లేదని అనుకొనరాదు. పుదుక్కోట సమీపమునగల సిత్తన్నవాసల్ జైన గుహాలయమున తామర కొలను చిత్రము నేటికిని చూడవచ్చును. ఏనుగులు, చేపలు, హంసలు, పూలు కోయు భవ్యులు అందు కలరు. అది సమవసరణములోని ఒక భూమియని పండితులు చెప్పుదురు. తొమ్మిదవ శతాబ్దమున పాండ్యరాజు శ్రీవల్లభుని కాలములో ఆ ఆలయమును బాగుచేయించినది మధురకు చెందిన ఇళం గౌతముడను ఆచార్యుడని అక్కడి శాసనమే చెప్పుచున్నది. కంచి దగ్గర తిరుప్పరుత్తికున్రమున విజయనగర మంత్రియు జైనుడునగు ఇరుగప్ప 1387-88లో సంగీత మండపము కట్టించెను. దాని పైకప్పుమీద ఋషభదేవుని, వర్ధమానుని చరిత్రలు వరుసలు వరుసలుగా చిత్రింపబడియున్నవి.

పదునారవ శతాబ్దపు లేపాక్షి చిత్రములలో కనబడు పక్కచూపు ముఖము, కొనదేరిన కన్ను, గళ్లచీరలు తెలుగు చేతికి గుర్తులు. ఆ చేయి క్రమముగా దక్షిణమునకు ప్రయాణము చేసినది. తిరువణ్ణామలై జిల్లా చెంగము వేణుగోపాల పార్థసారథి ఆలయమున రామాయణ చిత్రముల క్రింద తెలుగులో వ్రాసిన వివరణములు ఉన్నవి. మధుర మీనాక్షి ఆలయమున ఊంజల్ మండపపు పైకప్పుపై అమ్మవారి కల్యాణము చిత్రించిరి. రాణి మంగమ్మయు, ఆమె మనుమడు విజయరంగ చొక్కనాథుడును ఆ చిత్రములలో కలరు. అక్కడ తమిళము, తెలుగు రెండును కనబడును. మంగమ్మ 1689 నుండి 1706 వరకు పసివాడైన మనుమని పేర రాజ్యమేలినది. చూచువారిలో రెండు భాషలవారు ఉండుటచేతనే రెండు లిపులు వ్రాయవలసివచ్చినది.

పలక పటము తయారగు విధము

నేడు తంజావూరు చిత్రమని లోకమంతయు పిలుచు దానిని తమిళమున పూర్వము 'పలగై పడం', అనగా పలకమీది పటము, అనెడివారు. తంజావూరు మరాఠా ప్రభువుల కాలమున, ముఖ్యముగా రెండవ శరభోజి కాలమున (1798-1832), ఇది మిక్కిలి వృద్ధిపొందినది.

మొదట పనస చెక్క పలకను ఎన్నుకొందురు. దానిమీద ముతక గుడ్డను జిగురుతో అతికింతురు. చింతగింజల జిగురుగాని తుమ్మబంకగాని ఇందుకు వాడుదురు. గుడ్డపై సుద్దపొడి, బంక కలిపిన ముద్దను పూతలుగా పూసి, ఆరిన తరువాత నున్నని రాతితో రుద్ది అద్దమువలె చేయుదురు. ఈ పనిలో తొందరపడినచో కొన్ని ఏండ్లకే పటము పగుళ్లు విచ్చును. పునాది చెడిన ఇల్లువంటిదే ఇదియు.

తరువాత బొమ్మ గీయుదురు. నగలు, కిరీటము, మండప స్తంభములు ఉండవలసినచోట సుద్దముద్దను ఉబ్బెత్తుగా పెట్టి, అద్దపు రాళ్లను పొదుగుదురు. దానిపై బంగారు రేకును అంటించి, పొడుచుకొని వచ్చిన ఆకారములు తేలునట్లు ఒత్తుదురు. బంగారము పని ముగిసిన పిమ్మటనే రంగులు వేయుదురు. చిట్టచివరకు కన్నులు, కనుబొమలు, వ్రేళ్ల సందులు సన్నని గీతలతో తీర్తురు. ఈ చివరి పని ఇంటి పెద్దవాని చేతిది.

ఇందు మన కుటుంబములు ఆలోచింపవలసిన మాట యొకటి ఉన్నది. బంగారు, వెండి రేకులను తోలు పొరల నడుమ పెట్టి సుత్తితో కొట్టుట పూర్వాచారము. మిఠాయిమీది వెండి రేకు విషయమున మనవారు ఈ ప్రశ్నను ఎప్పటినుండియో అడుగుచున్నారు. కాగితముల నడుమ యంత్రముతో కొట్టిన రేకులు ఇప్పుడు దొరకుచున్నవి. పటము చేయించుకొనువారు ముందుగానే ఈ సంగతి చెప్పినచో చిత్రకారుడు తగిన రేకును తెప్పించగలడు. సన్నని కుంచెలకు ఉడుత తోక వెండ్రుకలు వాడుటయు పాత వాడుకయే. దానికిని నేడు బదులు కుంచెలు కలవు.

కలంకారీ గుడ్డ

మధురలో పలక పటము ఎట్లో, కుంభకోణము ప్రాంతమున గుడ్డపై చిత్రించుట అట్లు. తంజావూరు జిల్లా సిక్కల్‌నాయకన్‌పేటలో తెలుగు మాటలాడు కుటుంబములు కలము పట్టి గుడ్డలపై బొమ్మలు వ్రాయు వృత్తిని తరతరములుగా చేయుచు వచ్చినవి. తేరుకు చుట్టు తెరలు, గొట్టమువలె వ్రేలాడు తొంబైలు, తోరణములు, మేలుకట్లు, గొడుగు గుడ్డలు వీరి ముఖ్యమైన పని. ఈ జాతి గుడ్డలకు కరుప్పూరు కలంకారీ అను పేరు వచ్చినది. ఆ పేరుగల కోడాలి కరుప్పూరు గ్రామమున పూర్వము తంజావూరు రాజకుటుంబము కొరకు జరీ కలిపిన చీరలు నేసి చిత్రించెడివారు. తెలుగుదేశమున ఈ పనికి శ్రీకాళహస్తి కేంద్రము.

శ్రీకాళహస్తి పద్ధతి ఇట్లుండును. గంజి పోవునట్లు ఉతికిన నేతగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఎండబెట్టుదురు. పాలలోని కొవ్వుచే రంగు ప్రక్కకు పాకదు. కరక్కాయలోని వగరుచే నలుపు పట్టును. చింతబరికలను కాల్చిన బొగ్గుతో బొమ్మ గీయుదురు. కలము వెదురు పుల్లయే. దాని మొనకు కొంచెము పైన ఉన్నిగాని గుడ్డగాని చుట్టి దారముతో బిగింతురు. ఆ ఉండలో రంగు నిలిచి, వ్రేలితో నొక్కినకొలది మొనకు దిగును.

నల్లరంగును కసిమి అందురు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో వేసి మూడు వారములవరకు ఊరబెట్టిన ద్రవమిది. ఇది కలమున ఉన్నప్పుడు లేతగా నుండి, కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడును. ఎరుపు కావలసినచోట మొదట పటిక నీటితో వ్రాయుదురు. అప్పటికి అక్కడ రంగేమియు కనబడదు. చిరివేరు, సురుడుచెక్క, మంజిష్ఠ వంటి వానితో గుడ్డను ఉడికించినప్పుడు పటిక తాకినచోట మాత్రమే ఎరుపు గట్టిగా పట్టును. పసుపు రంగునకు కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క, నీలమునకు నీలిమందు. ఆకు, వేరు, బెరడు, కాయ, ఇనుము, బెల్లము, పటిక, పాలు మొదలగు వానితోనే ఇన్ని రంగులు పుట్టుట వినువారికి వింతగా తోచును.

ప్రతి రంగు తరువాత గుడ్డను పారు నీటిలో ఉతికి ఎండబెట్టవలెను. నిలువ నీటిలో ఉతికినచో వదలిన రంగు తిరిగి గుడ్డకే అంటుకొనును. నీటిలోని ఉప్పునుబట్టియు రంగు మారును. కావున ఈ వృత్తికి నదియు ఎండయు పెట్టుబడివంటివి. వానకాలమున పని ఆగును. శ్రీకాళహస్తి ప్రక్కన ప్రవహించు స్వర్ణముఖిలో నీరులేని నెలలు ఎక్కువగుటచే అక్కడివారికి కష్టము పెరిగినది.

క్షీణతయు పునరుద్ధరణయు

రాజులు పోయిన తరువాత ఆలయములు, జమీందారులు, చెట్టి కుటుంబములు ఈ చిత్రకారులను పోషించిరి. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుకూటము పెట్టిన పిమ్మట దేవతల రంగుపటములు కొద్ది ధరకే ప్రతి ఇంటికి చేరెను. తరువాత శివకాశి క్యాలెండరులు వచ్చెను. పేదవాని గోడకును దేవుని పటము వచ్చుట మంచిదే. కాని పలక పటము వ్రాయువానికి పని తగ్గినది. మదరాసు రాష్ట్రమున 1948 చట్టముచే జమీందారీలు రద్దయిన తరువాత మరొక ఆదరువు తొలగినది. అనేక కుటుంబముల పిల్లలు ఇతర పనులకు పోయిరి.

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడినది. దానికి నాయకత్వము వహించిన కమలాదేవీ చటోపాధ్యాయ మరుగునపడుచున్న వృత్తులను వెదకి పైకి తెచ్చుటకు పాటుపడెను. 1957 ప్రాంతమున శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రము నెలకొన్నది. తండ్రి జొన్నలగడ్డ లక్ష్మయ్య గారివద్ద ఈ విద్య నేర్చిన గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ బిరుదు లభించినది. బొమ్మలు వ్రాయుటయే కాక ఆయన విద్యార్థులకు నేర్పి, ఈ కళనుగూర్చి గ్రంథములును వ్రాసిరి. తండ్రి కొడుకునకు మాత్రమే చెప్పిన విద్య పలువురకు చెప్పు విద్యగా మారుటచేతనే అది నిలిచినది. ఇప్పుడు శ్రీకాళహస్తిలో స్త్రీలును పెద్ద సంఖ్యలో ఈ పని చేయుచున్నారు.

శ్రీకాళహస్తి కలంకారీ, తంజావూరు చిత్రములు, 2021లో కరుప్పూరు కలంకారీ భౌగోళిక గుర్తింపు పొందినవి. అనగా ఆ ప్రాంతమున ఆ పద్ధతిని చేయని వస్తువునకు ఆ పేరు పెట్టి అమ్మరాదు. 1999 నాటి చట్టము ప్రకారము అట్లు అమ్మినవానికి ఆరు నెలలకు తక్కువగాని ఖైదు, జరిమానా కలవు.

వర్తకుని ధర్మము

చట్టమున్నను అంగడిలో జరుగుచున్నదేమి? యంత్రముపై అచ్చువేసిన గుడ్డను చేతితో వ్రాసిన కలంకారీయని అమ్ముచున్నారు. ప్లైవుడ్డు పలకమీద ఇత్తడి రంగు రేకు అంటించి బంగారు పటమని అమ్ముచున్నారు. కొన్నవాడు మోసపోవును. అంతకన్న పెద్ద నష్టము చిత్రకారునిది. అచ్చు గుడ్డ ధరయే చేతిగుడ్డ ధరయని జనులు నమ్మినప్పుడు నిజమైన పనివాడు తన న్యాయమైన కూలి అడిగినను దురాశాపరునివలె కనబడును.

ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రమున అచౌర్య వ్రతమునకు ఐదు అతిచారములు చెప్పెను. దొంగతనమునకు ప్రోత్సహించుట, దొంగసొమ్ము కొనుట, రాజ్యనియమము మీరుట, తూకము కొలతలలో మోసము చేయుట, ప్రతిరూపక వ్యవహారము. చివరిదానికి అర్థము అసలుదానివంటి నకిలీని అసలుదిగా చెలామణి చేయుట. రాతిని బంగారమని అమ్మిననాడేగాక, అచ్చును చేతిపని అని అమ్మిననాడును ఈ దోషము కలుగును. అంగడివాడు తాను అచ్చువేయలేదని, పైవాడు చెప్పినదే చెప్పితినని అనవచ్చును. సరకు పరీక్షించు శక్తియుండియు పరీక్షింపక అమ్మినవానికి ఆ మాట చాలదు.

అచ్చు గుడ్డ అమ్మరాదని దీని అర్థము కాదు. అచ్చును అచ్చుగా చెప్పి అమ్మినచో దోషము లేదు. మచిలీపట్నమున చెక్క అచ్చులతో అద్దు కలంకారీయు చేతిపనియే, ఘనమైన వృత్తియే. దానిని అచ్చు కలంకారీయని చెప్పవలెను. కలముతో వ్రాసినదానిని వ్రాత కలంకారీయని చెప్పవలెను. బిల్లుమీద ఈ ఒక్క మాట వ్రాయుట ఏమంత కష్టము?

పరీక్షించుటకు కొన్ని గుర్తులు ఉన్నవి. చేతితో వ్రాసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నముగా నుండును. ఒకే గుడ్డమీద పది పూలున్నచో పదియు కొంచెము కొంచెము తేడాగా నుండును. అచ్చులో అన్నియు ఒకటియే. క్రొత్త కలంకారీకి పాలు, కరక్కాయల వాసన యుండును. యంత్రపు అచ్చులో రంగు సాధారణముగా పైననే నిలిచి వెనుకవైపు వెలవెలబోవును. పలక పటమున వెనుక చెక్కను చూడవలెను. ఉబ్బెత్తు పని సుద్దదో, పోతపోసిన ప్లాస్టిక్కుదో అడుగవలెను. రేకునకు రసీదు కోరవలెను.

అన్నింటికన్న సులభమైన పరీక్ష లెక్క. ఒక పెద్ద తెరను ఇద్దరు మనుషులు ఇరువది దినములు వ్రాసిరనుకొందము. మనిషికి రోజుకు 800 రూపాయలు కూలియనుకొనినను 32,000 రూపాయలు అగును. గుడ్డ, పాలు, రంగులు, ఉతుకుట వేరు. అంత తెరను ఎవడైన 3,000 రూపాయలకు చేతిపని అని ఇచ్చినచో రెండింటిలో ఒకటి నిజము: అది చేతిపని కాదు, లేక ఎవని కూలియో ఎగవేయబడినది. లెక్కలో పుట్టి లెక్కలో పెరిగిన మన పిల్లలు ఈ లెక్క తప్పక వేయగలరు.

మనము చేయదగినది

చిత్రమునకు మన సంఘములో గౌరవమైన స్థానము ఎప్పుడును కలదు. చాతుర్మాస్యమున పాలీతానా కొండ ఎక్కరు. కార్తిక పూర్ణిమనాడు యాత్ర తిరిగి మొదలగును. ఆ దినమున కొండకు పోలేనివారు తమ ఊరిలోనే శత్రుంజయ పటమును కట్టి దాని ముందు వందనము చేయుదురు. వందల క్రోసుల దూరమునగల తీర్థమును ఒక గుడ్డ మన ముంగిటికి తెచ్చుచున్నది. గురువులు కూర్చుండు చోట వెనుక కట్టు పూఠియా, పైన కట్టు చందర్వా కూడ ఇట్టివే. జరీ, ముఖమలు పనులకు మనవారు ధారాళముగా వ్యయము చేయుదురు. వానిలో ఒకదానినైన ఈ సీమలోని కలంకారీ కుటుంబమునకు అప్పగించవచ్చును. నూలు గుడ్డయగుటచే పట్టుపురుగుల హింస దానిలో లేదు.

పని అప్పగించునప్పుడు మూడు నియమములు పాటింపవలెను. సగము సొమ్ము ముందుగా ఇయ్యవలెను. లేనిచో చిత్రకారుడు రంగులకే అప్పు తేవలసివచ్చును. వానకాలమునకు ముందే ఆర్డరు పెట్టవలెను. పర్యూషణకు పదిదినములు ముందు తొందరపెట్టినచో మంచి పని రాదు. తెర అంచున దాత పేరుతోపాటు వ్రాసినవాని పేరును వ్రాయింపవలెను. సిత్తన్నవాసల్‌లో ఆలయము బాగుచేయించినవాని పేరు తెలియుచున్నది. తామరకొలను వ్రాసిన చేయి ఎవరిదో నేటికిని తెలియదు. ఆ లోటు మన కాలమున మరల జరుగనక్కరలేదు.

పాఠశాల పిల్లలకు ప్రశ్నలు

1. పలక పటమునకు ఏ చెక్క వాడుదురు? బంగారు రేకు ముందా, రంగులు ముందా?

2. గుడ్డను పాలలో ఎందులకు తడుపుదురు? పటిక వ్రాసినచోట మాత్రమే ఎరుపు ఎందులకు పట్టును?

3. ఊంజల్ మండపములో రెండు భాషలు ఎందులకు కనబడును?

4. ప్రతిరూపక వ్యవహారము అనగానేమి? మీ అంగడి సరకునుండి ఒక ఉదాహరణము చెప్పుము.

5. మీ ఇంటిలోని ఒక పటమును లేక గుడ్డను తీసి, అది చేతిపనియో అచ్చుపనియో పరీక్షించి, కారణములు వ్రాసి చూపుము.